ఏడు గూడబాతులు, ఒక నడిమి చోటు

నాచుగుంట సరస్సులో గూడబాతులు ఒంటరిగా వేటాడవు. నెలవంకలా బారు తీరి, రెక్కలతో నీళ్ళు చరుస్తూ చేపల్ని ఒడ్డువైపు తరుముతాయి. బారు నడిమిన ఉన్న పెద్ద "హో!" అనగానే అన్నీ ఒక్కసారే ముక్కులు ముంచుతాయి. తాతల నాటి పద్ధతి. పద్ధతిలో తప్పేమీ లేదు. నడిమిన ఉండాల్సిన పెద్ద నడిమిన లేకపోవడమే తప్పు.

పెద్దసంచయ్య నీళ్ళు వదిలి దక్షిణపు దిబ్బెక్కి కూర్చుని మూడేళ్ళయింది. ముక్కు కింద అంత సంచి ఇంకెవరికీ లేదని ఆయనకా పేరు. దిబ్బ మీంచే "హో" అంటాడు. పక్కనే సలహాదారు నక్క. చేపల్ని దిబ్బ ముందుకే తోలాలి. మొదటి పట్టు ఆయనది, రెండోది నక్కది. దక్షిణాన నీళ్ళు ఇంకి బురద తేలింది, చేపలన్నీ ఉత్తరానికి పోయాయి. అయినా సరే, వేట మాత్రం దిబ్బ ముందే!

బారులోని చుక్కికి గూట్లో రెండు పిల్లలు. నాలుగు రోజులుగా వాటికి దొరికింది వేలెడంత పరిగె చేపలు రెండే. ఆ ఉదయం చిన్నది నోరు తెరవడం కూడా మానేసింది. చుక్కి తిన్నగా వెళ్ళి దిబ్బ కింద నిలబడింది.

"పెదనాన్నా, ఉత్తరానికి పోదాం. చేపలక్కడున్నాయి."

"ఉత్తరాన దిబ్బ లేదు కదే," అన్నాడు పెద్దసంచయ్య, రెక్క దువ్వుకుంటూ.

"దిబ్బ మీకు కావాలి, మాకు చేపలు కావాలి. అసలు మీరు నీళ్ళలో దిగి ఎన్నాళ్ళయింది?"

బారంతా తలలు తిప్పి చూసింది. నక్క గొంతు సవరించుకుంది. "అమ్మాయ్, అధిష్ఠానాన్ని ప్రశ్నించడం క్రమశిక్షణ తప్పడం."

"చెప్పడానికి నువ్వెవరు? నీకు ఈకలున్నాయా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసంచయ్యకు కోపం నషాళానికంటింది. "ఈ బారు నేను కట్టింది! ఇష్టం లేనివాళ్ళు పోవచ్చు. నీ వెంట ఎవరొస్తారో నేనూ చూస్తా!"

"బారు మీరు పుట్టకముందు నుంచీ ఉంది పెదనాన్నా," అంటూ చుక్కి రెక్కలు విప్పింది.

ఆరుగురొచ్చారు. వంకరముక్కు బాబాయి, ఈకలు పలచబడ్డ నాగులత్త, ఇంకో నలుగురు కుర్రవాళ్ళు. మిగతా నలభైమంది తలలు దించుకున్నారు.

ఉత్తరపు పాయ ఇరుకుగా, తేటగా ఉంది. అడుగున చేపలు తళుక్కుమంటున్నాయి. సాయంత్రం చుక్కి ఒక్కతే ఈకలు ఆరబెట్టుకుంటుంటే తుంగలోంచి నక్క తల బయటపెట్టింది.

"నాకు నీమీద కోపం లేదు చుక్కీ. నిజం చెప్పనా? నువ్వు లేకపోతే మిగతా ఆరుగురూ ఉత్త బాతులు. నడిమి చోటు నీదే. రేపు ఎవరడిగినా జరక్కు."

చుక్కికి నక్క మీద నమ్మకం లేదు. కానీ ఆ మాట మాత్రం నచ్చింది.

తెల్లారాక వేటకు దిగారు. నడిమి చోటుకి చుక్కి వెళ్ళింది. బాబాయీ వెళ్ళాడు. నాగులత్తా వెళ్ళింది. నలుగురు కుర్రవాళ్ళూ అక్కడికే దూరారు. బారు లేదు, నెలవంక లేదు, ఏడుగురూ ఒక్క ముద్ద!

"జరుగు బాబాయ్!"

"నేనెందుకు జరగాలే? అనుభవం నాది!"

"నీ వెనక నడిస్తే బారు కూడా నీ ముక్కులాగే అవుద్ది," అంది నాగులత్త.

చేపలు రెండు పక్కల నుంచీ హాయిగా జారుకున్నాయి. దూరంగా దిబ్బ మీంచి పెద్దసంచయ్య నవ్వు వినబడింది.

"తిరిగి పోదామా?" అన్నాడు కుర్రవాళ్ళలో ఒకడు, నీరసంగా. "తిడితే తిట్టాడు, ఏదో ఒకటి పెడతాడుగా."

చుక్కికి గూట్లోని చిన్నది కళ్ళముందు మెదిలింది. సిగ్గు దిగమింగుకుంది. "వెళ్ళేముందు నా తప్పు వినండి. నడిమి చోటు నాదేనని నక్క చెప్పింది. నేను ఉబ్బిపోయాను."

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "మిగతా ఆరుగురూ ఉత్త బాతులు అందా?"

"అచ్చంగా అదే మాట!"

"దాని మొహం మండ!" అంది నాగులత్త. "నా మెడ వంపు చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తోందని కూడా అంది. నేను నిజమే అనుకున్నానర్రా!"

"మాకూ అంతే చెప్పింది!" అన్నారు కుర్రవాళ్ళు నలుగురూ. తర్వాత ఏడుగురూ పగలబడి నవ్వారు.

"ఇంకో పెద్దసంచయ్యని తయారుచేసుకోడానికి కాదుగా మనం వచ్చింది," అంది చుక్కి. "నడిమి చోటు రోజుకొకరిది. ఇవాళ నాగులత్తది."

"నాకా? నాకు చూపు ఆనదే!"

"చూపు మేమిస్తాం. చేప కనబడ్డవాళ్ళం చెబుతాం, నువ్వు హో అను."

"అత్త తప్పుగా అంటేనో?" అన్నాడు బాబాయి.

"రేపు నీ వంతే కదా, సరిదిద్దు!"

పాయ ఇరుకు కాబట్టి ఏడుగురి బారే సరిపోయింది. నాగులత్త "హో!" అనగానే ఏడు ముక్కులు మునిగాయి, ఏడు సంచులు నిండాయి. ఆ పూట చుక్కి పిల్లలు రెండూ కడుపునిండా తిన్నాయి, చిన్నది ఇంకా కావాలని గొంతు చించుకుంది కూడా.

మర్నాడు దిబ్బ వైపు నుంచి ఇద్దరొచ్చారు. ఆ మర్నాడు పదిమంది. వచ్చినవాళ్ళకీ వంతు పడింది. వారం తిరిగేసరికి ఉత్తరపు పాయలో చోటు చాలక బారు నడి సరస్సుకి జరిగింది.

ఒకనాటి పొద్దున నిండు సంచితో గూటికి పోతూ చుక్కి దిబ్బ మీదుగా ఎగిరింది. కింద మాటలు వినబడ్డాయి.

"వాళ్ళింకా చీలలేదేమే?" అంటున్నాడు పెద్దసంచయ్య.

"ఎలా చీల్చనయ్యా!" నక్క ఏడుపుమొహం పెట్టింది. "ఒకణ్ణి ఉబ్బించేసరికి పొద్దుగూకుతోంది, తెల్లారితే ఇంకొకరి వంతు. ఎవరి చెవి కొరకాలో తెలిసి చావట్లేదు."

చుక్కి కిందికి వాలుతూ కేకేసింది. "పెదనాన్నా! మీకూ ఒక రోజు వంతుంది. నీళ్ళలోకి దిగితే చాలు!"

పెద్దసంచయ్య నీళ్ళవైపు చూశాడు. ఒక కాలు ముందుకు పెట్టాడు.

"చల్లగా ఉంటాయయ్యా," అంది నక్క.

కాలు వెనక్కి వచ్చేసింది.

నీతి: ఒక్కరే అంటిపెట్టుకున్న పీఠాన్ని ఆడించడానికి ఒక్క నక్క చాలు, అందరి వంతుకూ వచ్చే పీఠాన్ని ఎన్ని నక్కలొచ్చినా కదపలేవు.