గూటి ముందు పోట్లాట

ఒక రాజుగారి మేడమీద పన్నెండు జంటల పావురాలకు పదే గూళ్లు ఉండేవి. వాటిలో ఒక పోతుపావురం, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ రక్తమొచ్చేలా పొడిచేది.

"దాని మెడ విరిచెయ్!" అన్నాడు రాజు, యువరాజు ఉయ్యాల ఊపుతూ.

పావురాలను సాకే గవరమ్మ తన గింజల బుట్ట తెచ్చి ఆ ఉయ్యాల్లో పెట్టబోయింది. రాజు చటుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒళ్లు తెలుస్తోందా? అది నా బిడ్డ ఉయ్యాల!"

"దాని పిల్లలూ ఆ గూట్లోనే ఉన్నాయి దొరా. గూడు దొరకని రెండు జంటలు రోజూ అందులోకే దూరుతుంటే అది మాత్రం ఊరుకుంటుందా?"

రాజు చెయ్యి వదిలేశాడు. సాయంత్రానికల్లా కొత్త గూళ్లు నాలుగు కట్టించాడు. పోట్లాట ఆగింది.

మర్నాడు పిల్లల్ని ముద్దుచేద్దామని రాజు గూట్లో చెయ్యి పెడితే, పోతు ఠక్కున పొడిచింది.

"తప్పు నాదేలే నాయనా," అన్నాడు రాజు, వేలు చప్పరించుకుంటూ.