గుమ్మడి పొట్ట

అనగనగా ఒక అడవి అంచున ఓబుళమ్మ అనే ఆవిడ దొడ్డి ఉండేది. అందులో కాటుక అనే నల్లమేక. దానికి లేకలేక ఒక పిల్లాడు పుట్టాడు. వాడి పొట్ట గుండ్రంగా గుమ్మడికాయలా ఉండేది. అందుకే అందరూ వాణ్ణి గుమ్మడి అనేవారు.

కాటుకకు ఆ పొట్టంటే ఎంత మురిపెమో. "చూశారా, నా పాలు ఊరికే పోలేదు" అనేది.

పక్కనే కట్టేసి ఉన్న ముసలి గొర్రె ఒకనాడు మెల్లగా అంది. "పొట్ట సరేనే, వీపు చూడు. ఎముకలు తేలాయి. కంటిరెప్ప లోపల ఎరుపే లేదు. కడుపులో నట్టలు, అదే పురుగులు, పడ్డాయేమో."

"నట్టలు కాదత్తా, నీ దిష్టి" అని కాటుక మొహం తిప్పుకుంది.

కొన్నాళ్ళకు ఓబుళమ్మ నట్టల మందు తెచ్చింది. ఒక్కో పిల్లనూ పట్టుకుని నోట్లో పోస్తోంది. చేదుకి పిల్లలు గిలగిలలాడుతున్నాయి. కాటుక మనసు ఒప్పలేదు. గుమ్మడిని గడ్డివాము వెనక్కి నెట్టి, అడ్డంగా నిలబడింది.

"నిన్ను తప్పించానురా నాన్నా."

"మా అమ్మ మంచిది" అన్నాడు గుమ్మడి.

ఆ తర్వాత వాడు ఆటలు మానేశాడు. కాటుక ఇంకాస్త పాలు తాగించింది. లేత తుమ్మాకు తెచ్చి పెట్టింది. దిష్టి పోవాలని ఎక్కడిదో నల్లతాడు కొరికి తెచ్చి మెడలో వేసింది. పొట్ట పెరిగింది. పిల్లాడు తరిగాడు. ఒక పొద్దున లేచి నిలబడలేకపోయాడు. దవడ కింద నీరు దిగింది.

కాటుక వాడి పొట్టకు చెవి ఆనించింది. లోపల నట్టలు మాట్లాడుకుంటున్నాయి.

"జరగరా, పాలొస్తున్నాయి."

"రోజూ పెళ్ళి భోజనమే. ఈ తల్లి చల్లగా ఉండాలి."

"మందు పోసేనాడు మనల్ని ఎంత బాగా దాచిందిరా. మన అమ్మయినా అలా దాచేది కాదు."

కాటుక గుమ్మం దగ్గరికి పరుగెత్తి, గొంతు పోయేలా అరిచింది.

ఓబుళమ్మ వచ్చింది. "ఏమే, కొంప మునిగిందా?" అంటూ పిల్లాణ్ణి చూసింది. "ఓసి దొంగముఖందానా, ఆనాడు వీణ్ణెక్కడ దాచావే?" మిగిలిన మందు తీసింది. ఈసారి కాటుకే పిల్లాణ్ణి ముందుకు నెట్టింది.

"అమ్మా, చేదు."

"అవును నాన్నా, చేదే. మింగు."

కడుపులో గోల మొదలైంది. "లేవండిరా, విస్తళ్ళు ఎత్తేశారు."

నట్టలు ఒక్కటీ మిగలకుండా పోయాయి. నెమ్మదిగా వాపు తగ్గింది. రెప్పల్లో ఎరుపు వచ్చింది. ఒకరోజు గుమ్మడి తవుడు గంప తన్నేసి, ముసలి గొర్రె వీపెక్కి గంతులేశాడు.

"నా నడుమురా. ఏమే కాటుకా, పొట్ట పోయింది, ఇక వీణ్ణి ఏమని పిలవాలి?"

"దిగాక చూద్దాం అత్తా" అంది కాటుక. "ఇప్పుడప్పుడే దిగేలా లేడు."

నీతి: బిడ్డ ఏడుస్తాడని మందు తప్పిస్తే, బిడ్డను కాదు, జబ్బును సాకినట్టు.