అందరికీ ఒకే జావ

కొండ మలుపులో ఎలుగుబంటి బండయ్యకో హోటలుంది. వాగు అవతల తోడేలు కొత్తగా ఇంకోటి తెరిచేసరికి, ఇక్కడ దిగే జంతువుల్లో సగం అటు దాటేశాయి. బండయ్యకు దిగులు పట్టుకుంది. మాటలతోనే మేడలు కట్టే నక్క శిఖామణి సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు. వచ్చిన అతిథి వెళ్ళేటప్పుడు కళ్ళొత్తుకోవాలి, మళ్ళీ ఈ గడపే తొక్కాలి, ఆ విద్య పనివాళ్ళకు నేర్పుతానన్నాడు.

మర్నాటి నుంచి కోతులకూ చిలకకూ మేకకూ పాఠాలు. అతిథి కనబడగానే తల వంచాలి, మిమ్మల్ని చూస్తే మా సొంతవాళ్ళను చూసినట్టుందనాలి, ఇంట్లో పిల్లల క్షేమం అడగాలి. అందరూ గడగడా అప్పజెప్పారు. వంట చేసే గేదె మాణిక్యానికి మాత్రం నోరు పెగల్లేదు. వంటింటి వెనక పాకలో ఆమె దూడ ఉంది. పని పోతే దాన్ని వెంటేసుకుని ఎక్కడికి పోవాలి? ఆ భయంతో వచ్చిన ముక్క కూడా మర్చిపోయింది.

"రేపు ఏనుగుల పెద్ద దిగుతున్నాడు. నచ్చితే ఏటా మంద మొత్తం ఇక్కడే బస," అన్నాడు నక్క. "ఆయన ముందు ఇలా రాయిలా నిలబడ్డావో, ఎల్లుండి నుంచి నీకిక్కడ పని లేదమ్మా."

బండయ్య నేల చూపులు చూశాడు.

ఏనుగు వచ్చాడు. గుమ్మంలో పిల్లల క్షేమం అడిగింది కోతి. మెట్ల దగ్గర చిలక అడిగింది. కూర్చోబోతుంటే మేక అడిగింది.

"నాకింకా పెళ్ళి కాలేదు," అన్నాడు ఏనుగు.

"వాళ్ళను కూడా తీసుకురావలసింది బాబూ," అంది మేక. పాఠంలో తర్వాతి మాట అదే మరి.

ఏనుగు ముందు చెరకు గడలు పెట్టారు. ఒకటి నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, ఆగాడు. వంటింటి గుమ్మంలోంచి మాణిక్యం చూసింది. వచ్చి గడలన్నీ తీసుకుపోయింది. నక్క నెత్తి కొట్టుకున్నాడు. కాసేపటికి ఆమె గంగాళం నిండా గోరువెచ్చని రాగిజావ తెచ్చి పెట్టింది. ఏనుగు అడుగంటా తాగాడు.

"నాకు దవడ నొప్పని ఎవరు చెప్పారు అక్కా?"

"ఎవరూ చెప్పలేదయ్యా. ఒక పక్కనే నములుతున్నారు."

వచ్చే ఏడు మందతో వస్తానన్నాడు ఏనుగు, వంటింట్లో ఈ అక్క ఉంటేనే. మాణిక్యం పాకలోకి పోయి దూడను చాలాసేపు నాకుతూ ఉండిపోయింది.

నక్క ఊరుకుంటాడా? అది తన విద్యేనన్నాడు. ఆ పూటే పాఠం మార్చాడు. ఇకమీదట ఎవరొచ్చినా దవడ నొప్పా అని అడగాలి, జావ పొయ్యాలి.

"వచ్చిందెవరో చూడొద్దా అయ్యా?" అంది మాణిక్యం.

"నువ్వు కాచు. చూడ్డానికి నేనున్నాను."

మర్నాడు చిరుతపులి దిగాడు. వీపుకంటిన ఆ డొక్క చూడగానే మాణిక్యం దూడను లోపలికి తోసి తలుపేసుకుంది. నక్క మాత్రం అందరికీ చూపించాలని తానే గిన్నె పట్టుకుని ఎదురెళ్ళాడు. తల వంచి, "దవడ నొప్పా, అన్నగారూ?" అన్నాడు.

చిరుత జావను చూశాడు. నక్కను చూశాడు.

"దివ్యంగా ఉంది తమ్ముడూ. కావాలంటే దగ్గరికొచ్చి చూడు," అని నోరు తెరిచాడు.

నక్క వాగు దాటాడు, తోడేలు హోటలూ దాటాడు, ఇంకా పరిగెడుతూనే ఉన్నాడట. తోకలో సగం మాత్రం చిరుత పళ్ళ మధ్యే ఉండిపోయింది.

కంటితో చూడనివాడు నోటితో ఎంత ప్రేమ వడ్డించినా, అతిథి విస్తరి ఖాళీయే.