దొంగను ముందే చెప్పే సుంకన్న

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పక్కకు జరగండి. మన తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, కొండకింద చింతమాకులపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో మనుషుల కంటే చింతచెట్లు ఎక్కువ. మాఘం వచ్చిందంటే కాయలు రాల్చేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు, పెంకు ఒలిచేవాళ్ళు. ఆ తర్వాత ఆడవాళ్ళంతా కల్లంలో వరసగా కూర్చుని, పండును రాతిమీద పెట్టి, కొయ్యసుత్తితో కొట్టి గింజ తీసేవాళ్ళు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పండు కొట్టే చోట ఒకరు కథ చెప్పాల్సిందే, మిగతావాళ్ళు ఊఁ కొట్టాల్సిందే. ఎందుకంటారా? నోట్లో పండు పెట్టుకున్నవాళ్ళ ఊఁ ఇట్టే తెలిసిపోతుంది గనక. కథ లేని రోజున సగం పండు కడుపుల్లోకే పోయేదట.

ఆ కల్లంలో మగవాడు ఒక్కడే, కుంటి సుంకన్న. ఒకప్పుడు చిటారుకొమ్మ దాకా ఎక్కి కాయలు దులిపినవాడే. ఒక ఏడు కొమ్మ విరిగి కిందపడ్డాడు, కాలు పనికి రాకుండా పోయింది. ఇంట్లో పెళ్ళాం లేదు. ఎప్పుడో వయసులో ఉండగానే వెళ్ళిపోయిందని చెప్పుకునేవాళ్ళు. ఎందుకు వెళ్ళిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

సుంకన్నకు వచ్చినవన్నీ దొంగతనాల కథలే. ఏదో పోతుంది, ఎవరు తీశారో కనిపెట్టాలి. అలాంటి కథను అంత చెత్తగా చెప్పేవాడు చుట్టుపక్కల ఏడూళ్ళలో లేడు.

“రాజుగారి హారం పోయింది,” అని మొదలుపెట్టేవాడు. “తీసింది మంత్రి. దాసి తియ్యలేదు, ముందే చెప్తాండ. ఇంగ ఎవురు తీసినారో కనుక్కుందాం.”

“మంత్రేనని చెప్పేస్తివి కదప్పా! ఇంగ కనుక్కునేదేముంది?” అని ఓబులమ్మ సుత్తి ఆపేది. ఓబులమ్మ ఆ కల్లానికి పెద్ద దిక్కు, నోరు మాత్రం చింతకాయ కంటే పులుపు.

“ఉండు ఓబక్కా. రాజుకు తెలీదు కదా పాపం,” అనేవాడు సుంకన్న.

కల్లమంతా గొల్లుమనేది. ఇంకా వినండి. మొదట్లో చచ్చినవాడు మధ్యలో లేచి సంగటి తినేవాడు. పొద్దున తెల్లగా ఉన్న గుర్రం మధ్యాహ్నానికి నల్లబడేది. చివరికి మంత్రి సంగతి తనే మరిచిపోయి, దారినపోయే గడ్డం మనిషిని ఎవరినో పట్టి చెరసాలలో వేయించేవాడు. ఆ గడ్డం మనిషి కథలో అప్పటిదాకా ఉంటే ఒట్టు. ఒక్కటి మాత్రం ఏ కథలోనూ తప్పేది కాదు. అనుమానం ఎవరిమీద పడుతుందో, దాసో, కోడలో, పనిమనిషో, ఆమె పేరు రాగానే, “ఆ యమ్మ తియ్యలేదు, ముందే చెప్తాండ,” అనేవాడు.

మరి అంత చెత్త కథ ఎవరికి కావాలి? అందరికీ కావాలి! మంచి కథలో తెలివిగలవాడు కథకుడొక్కడే, వినేవాళ్ళంతా వెర్రివాళ్ళు. సుంకన్న కథలో ఊరంతా తెలివిగలవాళ్ళే. “గుర్రం తెల్లది కదన్నా,” అని ఒకరు, “వాడు చచ్చినాడు కదన్నా,” అని ఒకరు. దిద్దుతూ దిద్దుతూ బుట్టలు నింపేవాళ్ళు.

పండు తోలుకుపోయే బండ్లవాళ్ళు కూడా ఆ కథలకోసం ఒక పూట ఎక్కువ ఉండేవాళ్ళు. వెళ్ళిన ప్రతి సంతలోనూ చెప్పి నవ్వించేవాళ్ళు. మంచి కథ చెప్పాలంటే ఎక్కడ చెడగొడతామో అని భయం. సుంకన్న కథకు ఆ భయం లేదు. ఇంకా చెడటానికి అందులో ఏముంది గనక?

బండ్లు తిరిగొచ్చినప్పుడల్లా సుంకన్న కర్ర పట్టుకుని ఎదురెళ్ళేవాడు. బండ్లకు పెద్ద అయిన మౌలాలిని మూడే మూడు మాటలు అడిగేవాడు.

“మౌలాలన్నా, నా కథ చెప్పినావా?”

“చెప్పినా.”

“అందురూ నవ్వినారా?”

“పొట్ట చెక్కలయ్యేటట్ల నవ్వినారు.”

“ఎవురన్నా నవ్వకుండా ఉండినారా?”

“ఎవురూ లేరప్పా. అందురూ నవ్వినారు.”

సుంకన్న తల ఊపి వెనక్కి తిరిగేవాడు. పేరు వచ్చిందని సంతోషపడతాడనుకుంటే, ఆ రోజంతా డీలాపడి కూర్చునేవాడు. ఇదేం చోద్యమో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఒక ఏడు పట్నం నుంచి పేరుమోసిన కథకుడొకడు వచ్చాడు. అతనూ దొంగతనం కథే ఎత్తుకున్నాడు, కానీ ఏమి కథ! దొంగ ఎవరో చివరిదాకా చెప్పడు. ఒకసారి వదినమీదికి తిప్పుతాడు, ఒకసారి చాకలామెమీదికి తిప్పుతాడు. మొదటిరోజు కల్లంలో ఎవరూ నవ్వలేదు. రెండోరోజు సుత్తులు ఆగిపోయాయి. మూడోరోజు ఓబులమ్మ వెండికడియం కనబడలేదు.

చూశారా, కథ తలకెక్కి ఉంది. ఒక్కరూ పైకి అనలేదు గానీ, చూపులన్నీ నల్లమ్మ మీదికి పోయాయి. నల్లమ్మ ఆ ఏడే పొరుగూరినుంచి కూలికొచ్చిన మనిషి. ఆమె సుత్తి కింద పెట్టేసింది.

సుంకన్న కర్ర ఊతంగా లేచాడు. “ఆ యమ్మ తియ్యలేదు,” అన్నాడు.

“నీకెట్ల తెలుసు?” అంది ఓబులమ్మ.

“ఒక కథ చెప్తా, ఇనండి. దీంట్లో దొంగ ఎవురూ లేరు, ముందే చెప్తాండ. నా వెండి మొలతాడు పోయింది. నా పెండ్లాం చెన్నక్కను అడిగితి, నువ్వేమన్నా తీసినావా అని. ఆ ఒక్క మాటే. తీసినానని చెప్పల్యా, తియ్యలేదని చెప్పల్యా. సంకలో కడవ దించి పెట్టె, నా మొగంలోకి చూసె, వాకిలి దాటి పాయ. మూడో దినం మొలతాడు గొంగడి మడతలో దొరికె. మనిషి దొరకల్యా.”

ఎవరూ ఊఁ కొట్టలేదు.

“అనుమానాన్ని కడదాకా నిలబెడితేనే కథ బాగుంటాదంట. నేను మూడు దినాలు నిలబెడితి, దాని ఎనక పోల్యా. ఇన్నేండ్లాయ. ఆ యమ్మ తియ్యలేదని నేను చెప్పేది యాడన్నా, ఏ సంతలోనన్నా దాని చెవినబడుతుందేమోనని చెప్తానే ఉండా. అందురూ నవ్వుతారు. నవ్వనిది అదొక్కటే ఉంటాది.”

ఓబులమ్మ వంగి సుత్తి అందుకుంది. తర్వాత, “కడియం యాడికీ పోదులే, పండు కొట్టండి,” అంది. నల్లమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. సాయంత్రం గింజల కుప్ప ఎత్తుతుంటే కడియం అందులోనే ఉంది. పట్నం కథకుడు ఆ రోజే మూట కట్టుకున్నాడు. అతని కథలో దొంగ ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అడగాలని ఎవరికీ అనిపించలేదు.

ఆనాటి నుంచి బండ్లకు సుంకన్న ఒక్కడే ఎదురెళ్ళలేదు, కల్లమంతా ఎదురెళ్ళింది. మూడో మాట అడిగేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. “అందురూ నవ్వినారు,” అనేవాడు మౌలాలి, తప్పు చేసినవాడిలా. ఒక ఏడు గడిచింది, రెండేళ్ళు గడిచాయి, ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఒక ఫాల్గుణంలో సుంకన్నకు జ్వరం తగిలింది. బండి చప్పుడైతే లేపమని చెప్పి కళ్ళు మూశాడు. మళ్ళీ తెరవలేదు.

పదకొండు రోజులకు మౌలాలి బండి వచ్చింది. మౌలాలి బండి దిగి ఎడ్లకు ముందు పరుగెత్తుతున్నాడు, బండిలో ఒక ముసలామె కూర్చుని ఉంది.

“సుంకన్న యాడ?” అని దూరం నుంచే కేకవేశాడు మౌలాలి. “తుంగభద్ర అవతల సంతలో చెప్పినా కథ. అందురూ నవ్వినారు, ఆకుకూరలమ్మే ఈ యమ్మ నవ్వల్యా! ఎవురు చెప్తాడీ కథ అని అడిగింది. మా కుంటి సుంకన్న అంటి. దాసి తియ్యలేదని ముందే చెప్తాడా అని అడిగింది. ప్రతిసారీ చెప్తాడంటి. గంప ఆడనే పెట్టి బండెక్కింది.”

చెన్నక్క బండి దిగింది. కల్లమంతా కలయజూసింది. ముందు మజ్జిగ ఇద్దామని ఒకామె, కాళ్ళకు నీళ్ళు ఇద్దామని ఒకామె కదిలారు. మెల్లగా, కాసేపాగి చెబుదామని వాళ్ళ తాపత్రయం.

ఓబులమ్మ వాళ్ళను చేత్తో ఆపింది. బతుకంతా సుంకన్నను చివర ముందే చెప్పేస్తావని ఎగతాళి చేసిన మనిషి, ఎదురెళ్ళి చెన్నక్క రెండు చేతులూ పట్టుకుంది.

“సుంకన్న పోయినాడు తల్లీ,” అంది. “ముందే చెప్తాండ.”

చెన్నక్క నిలబడినచోటే కూలబడింది. ఎంతసేపు ఏడ్చిందో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని, “ఇంగ మొదట్నించి చెప్పండి,” అంది.

చెప్పారు. అతని కథలన్నీ చెప్పారు, తలా ఒకటి అందుకుని, ఒక్క తప్పు కూడా వదలకుండా. ‘రాజుకు తెలీదు కదా పాపం’ అనే చోట చెన్నక్కకు నవ్వొచ్చింది. నవ్వని ఆ ఒక్క మనిషికోసం సుంకన్న అన్నేళ్ళు ఎదురుచూశాడు, ఆమె నవ్వినప్పుడు వినడానికి లేకపోయాడు. నాకు ఎన్నో మంచి కథలు వచ్చు, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ వాటిలో ఒక్కటీ అంత దూరం పోయి ఒక మనిషిని వెనక్కి తెచ్చేది కాదు.

చెన్నక్క మళ్ళీ సంతకు పోలేదు. సుంకన్న ఇంట్లోనే ఉండి, సుంకన్న కూర్చునే చోటే కూర్చుని పండు కొట్టింది.

ఆ కొండకింది ఊళ్ళలో ఈనాటికీ, ఇంట్లో ఏదైనా వస్తువు పోతే వెంటనే వెతకరు. ఇంటి పెద్ద వాకిట్లో నిలబడి, ఇంట్లోవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి, “తియ్యలేదు” అని చెబుతాడు. ఆ తర్వాతే చాపలు దులుపుతారు, మూలలు చూస్తారు. పేర్లలో మొదట చెన్నక్క పేరు చెబుతారు. ఆ ఇంట్లో ఆ పేరుగల మనిషి లేకపోయినా సరే.