చేతినిండా నూకలు

సాయంకాలం. మబ్బు కమ్మింది, వాన ఇంకా రాలేదు.

దర్గా వెనక దొడ్లో నిలబడి కోళ్లను పిలుస్తున్నాను. కంచె మీది నుంచి అవి కదల్లేదు. నూకలు చల్లాను. మెడ తిప్పి చూశాయి. రాలేదు.

ముందురోజు రాత్రి బయటే ఉండిపోయిన నల్లపెట్టను అడవిపిల్లి ఎత్తుకుపోయింది. ఆ ఈకలు నేనే ఊడ్చాను.

అవి మొక్కుబడి కోళ్లు. మొక్కు తీరినవాళ్లు తెచ్చి వదిలిపోతారు. దర్గాలోని వలీ పేరున ఫాతెహా చదివి పెట్టే భోజనానికి వాటినే కోస్తారు. మా ఇల్లు దర్గాను ఆనుకునే ఉంటుంది. దర్గా గురువు మహబూబ్ తాత దగ్గర ఉపదేశం తీసుకున్నప్పుడు ఆయన నాకు జపం ఏదీ ఇవ్వలేదు. దర్గా ఊడ్చు, కోళ్లను చూసుకో, అన్నాడు. అంతే.

తాత వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"గొంతు పోయేట్టు పిలుస్తాండావే, దస్తగిరమ్మా."

"రావడం లేదు తాతా. పొగరు పట్టింది వీటికి."

"ముందు వస్తాండె గదా."

"ఉరుక్కుంటా వస్తాండె. గురువారం ఫాతెహాకు ఒకదాన్ని పట్టినా. ఆపొద్దు నుంచి ఇంతే."

"యాడ పట్టినావు?"

"ఈడనే. నూకలేసి పిలిచినా. తింటాంటే పట్టినా."

"కోడిని పట్టాలంటే చీకటి పడినాక గూట్లో పట్టల్ల. పిలిచి పట్టగూడదు. మా ముసలి జేజి చెప్తాండె." నవ్వాడు. "కోడికి బుర్ర లేదంటారు జనం."

నేను నవ్వలేదు.

"బిడ్డ వచ్చిందా?" అన్నాడు.

"లేదు. ఫోనే ఎత్తదు."

తాహిరా నా కూతురు. కడపలో నర్సింగు చదువుతోంది. తనకిష్టమైన తీపి ఓళిగలు చేశాను రమ్మని పోయిన నెల పిలిచాను. వచ్చేసరికి పెళ్లిచూపులవాళ్లు చాప మీద కూర్చున్నారు. వాళ్లకు నీళ్లిచ్చింది. ఓళిగ ముట్టలేదు. సంచి దించకుండానే తిరుగు బస్సు ఎక్కింది. అప్పటినుంచి ఆమె ఉందనీ తింటోందనీ హాస్టలు వార్డెను చెబితేనే తెలుస్తోంది.

"నువ్వన్నా చెప్పు తాతా. నీ మాట వింటాది."

తాత అరుగు దిగివచ్చాడు. "చేతులు పట్టు" అన్నాడు.

దోసిలి పట్టాను. చాట ఎత్తి నూకలు పోశాడు. నిండి, వేళ్ల సందుల్లోంచి కారేదాకా పోశాడు.

"ఇప్పుడు పిలువు."

"చేతులు ఖాళీ లేవే. వస్తే ఎట్ల పట్టేది?"

"పట్టమన్లేదే. పిలువమంటి."

పిలిచాను. ఒక్కటీ రాలేదు. చీకటి పడ్డాక తాతే వాటిని కంచె మీది నుంచి ఒక్కొక్కటిగా తీసి గూట్లో పెట్టాడు.

మర్నాడూ దోసిలితోనే పిలిచాను. బోడిమెడ పెట్ట దిగివచ్చి దూరంగా నిలబడింది. పట్టేయమని చేతులు లాగాయి. అయినా నేను కదల్లేదు. అది వెళ్లిపోయింది. కొన్నాళ్లకు అదే వచ్చి చేతిలోనే పొడుచుకు తినింది. ముక్కు చురుక్కుమంది.

ఆ గురువారం ఫాతెహాకు తాత అన్నం, పప్పు చేయించాడు. భోజనానికి వచ్చిన చాంద్‌బాషా విస్తరి ముందు కూర్చుని మూతి ముడిచాడు.

"కోడి లేని ఫాతెహా ఏం ఫాతెహా తాతా?"

"వలీ అడిగినాడా, నువ్వు అడుగుతాండావా?"

బాషా పప్పు కలుపుకున్నాడు.

ఆ సాయంత్రం నేను, మా ఆయన మాట్లాడుకున్నాం. సంబంధంవాళ్లకు వద్దని కబురు చేశాం. మరుసటి రోజు ఓళిగలు చేశాను. డబ్బాలో పెట్టి బస్సు కండక్టరుతో కడపకు పంపాను. రమ్మని చెప్పలేదు. ఎందుకు రాలేదని అడగలేదు.

డబ్బా తిరిగివచ్చింది. కడిగి ఉంది.

తర్వాతి వారం మళ్లీ పంపాను.

ఆ శనివారం సాయంకాలం వాన మొదలైంది. దోసిలినిండా నూకలతో దొడ్లో నిలబడి కోళ్లను పిలుస్తున్నాను. వెనక గేటు చప్పుడైంది.

తాహిరా. సంచి భుజానే ఉంది, జడ తడిసి ఉంది. లోపలికి రాలేదు. గేటు దగ్గరే నిలబడి అరుగు వైపు చూసింది. అక్కడ తాత తప్ప ఎవరూ లేరు.

"ఎవరన్నా వస్తాండారా అమ్మా?"

"ఎవురూ రారు."

నా చేతుల వైపు చూసింది. నేను ఎదురు పోలేదు. నూకలు వానకు తడుస్తున్నాయి.

బోడిమెడ పెట్ట మా ఇద్దరి మధ్య నుంచి నడిచి వచ్చి పొడుచుకు తినసాగింది. దాని వెనక ఎర్రపెట్టలు. తాహిరా వాటిని తప్పించుకుంటూ వచ్చి, అరుగెక్కి, సంచి దించింది.

"వాన పెద్దదయితాంది, తలుపెయ్యి" అన్నాడు తాత.

నూకలు గూటి ముందు పోశాను. కోళ్లు దూరాయి. తలుపు వేసేముందు లెక్కపెట్టాను.

బోడిమెడది. ఎర్రపెట్టలు రెండు. పుంజు.

అరుగు మీద తల తుడుచుకుంటూ, తాహిరా.