మంచన చెప్పని మూడు మాటలు

అనగా అనగా, కొండవాగు నీళ్లు మట్టిగొట్టాల్లో ఇంటింటికీ నడిచివచ్చే కాలంలో, శీతలపురమనే పట్టణం ఉండేది. ఆ ఊళ్లో ఎవరు ఇల్లు కొనాలన్నా ముందుగా మంచనను పిలిచి చూపించేవారు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి, అన్నీ చూసి ఇల్లు మంచిదో కాదో చెప్పడం అతని వృత్తి.

మంచన మెత్తని మనిషి. ఎదుటివాళ్ల ముఖం చిన్నబోతే చూడలేడు.

ఒక వేసవిలో బొప్పన అనే విత్తనాల వర్తకుడు ఒక ఇల్లు బేరమాడాడు. వానలు వెళ్లాక విత్తుకోవడానికి చుట్టుపక్కల రైతులు శనగ విత్తనాన్ని అతని దగ్గరే దాచుకునేవారు. అతని భార్య కామసాని పెళ్లయిన నాటినుంచీ ఒకరి వసారాలోనే కాపురం చేసింది. సొంత ఇల్లనేది ఆమెకు ఇదే మొదలు.

మంచన ముందుగా వంటింట్లోకి వెళ్లాడు. గోడకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. అడుగున చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది. గోడలో గొట్టం అతుకు వదిలిందని అతనికి అర్థమైంది. చెప్పబోయాడు.

"అన్నా, ఈ గోడ పక్కనే పొయ్యి వేసుకుంటాను. ఇన్నాళ్లూ వానొస్తే మాకు వంట ఆగిపోయేది" అంది కామసాని.

మంచన మాట మార్చాడు. "కొంచెం చెమ్మ ఉందమ్మా. ఎండకు ఆరిపోతుందిలే."

తరువాత పెరట్లోకి వెళ్లి, స్నానాల చోట కడవెడు నీళ్లు కుమ్మరించాడు. నీళ్లు గుడగుడమని వెనక్కి తన్నాయి. పక్కనున్న పనసచెట్టు వేళ్లు మురుగుగొట్టంలోకి చొరబడ్డాయని అతను గ్రహించాడు. కామసాని మల్లెపాదు ఎక్కడ వెయ్యాలా అని అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది.

"నీళ్లు నిదానంగా పోతున్నాయి, అంతే" అన్నాడు మంచన.

చివరికి కొట్టుగది చూశాడు. దాని కప్పు మీద నీళ్లతొట్టి ఉంది. తొట్టిని మోసే దూలం నల్లబడింది. గోటితో గీరితే పొట్టులా రాలింది. ఇది మాత్రం చెప్పి తీరాలనుకున్నాడు మంచన.

"రైతుల విత్తనమంతా ఇక్కడే పోద్దామనుకుంటున్నాం. ఏమంటారు మంచనగారూ?" అని అడిగాడు బొప్పన.

కామసాని అప్పటికే గడపకు పసుపు రాసేసింది. ఇద్దరూ అతని ముఖంలోకే చూస్తున్నారు.

"పాత కలప కదా, రంగు మారుతుంది. ఇల్లు బాగానే ఉంది" అన్నాడు మంచన.

వీధి మలుపు దాకా వచ్చి ఆగాడు. వెనక్కి వెళ్లి నిజం చెబుదామనుకున్నాడు. రేపు చెప్పవచ్చులే అనుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రేపు రానేలేదు.

వానలు పట్టాయి. వంటింటి గోడ ఉబ్బి పెచ్చులుగా ఊడింది. పొయ్యి తడిసి రాజుకోవడం మానేసింది. తరువాత పెరట్లోకి మురుగు ఎగదన్నింది. కామసాని రోజూ దాన్ని ఎత్తిపోసుకుంది. ఒక మధ్యాహ్నం దూలం విరిగి, తొట్టి నీళ్లతో సహా విత్తనం మీద పడింది.

గదిలో ఎవరూ లేరు గనుక ప్రాణాలు దక్కాయి. తడిసిన శనగలు ఆరబెడదామంటే ఎండ లేదు. రైతులు వచ్చేసరికి విత్తనం మొలకలెత్తి, కుళ్లి వాసన వేస్తోంది. ఒక ముసలి రైతు గుప్పెడు తీసి చూసి, నెమ్మదిగా కింద పెట్టేశాడు.

"ఈ ఏడు చేను బీడే, బొప్పనా" అన్నాడు.

బొప్పన ఆ ఇంటిని వచ్చిన ధరకు అమ్మేసి, దూరదేశం నుంచి విత్తనం తెప్పించి పంచాడు. అప్పటికే అదను దాటిపోయింది. ఇక ఆ ఊళ్లో అతనికి వ్యాపారం సాగలేదు.

వాళ్లు బండికి సామాను ఎత్తుతుండగా మంచన వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆ రోజే నీకు తెలుసా అన్నా?" అని అడిగింది కామసాని.

"తెలుసమ్మా. గోడా, గొట్టమూ, దూలమూ, మూడూ చూశాను. నీ సంతోషం చూసి నోరు రాలేదు."

కామసాని చేతిలోని మూటను బండిలో పెట్టింది.

"చెప్పి ఉంటే ఆ పూటకు ఏడ్చేదాన్ని. మర్నాడు ఇంకో ఇల్లు వెతుక్కునేవాళ్లం" అంది.

ఆ మాటలో కోపం లేదు. అందుకే మంచనకు మరీ బాధ కలిగింది. బండి కదిలిపోయింది.

ఆ తరువాత మంచన చూసినదంతా చూసినట్టు చెప్పడం నేర్చుకున్నాడు. కొందరు అతని నోరు మంచిది కాదన్నారు. కొందరు ముఖం ముడుచుకుని వెళ్లిపోయారు. విన్నవాళ్లు మాత్రం వానాకాలంలో నిశ్చింతగా నిద్రపోయారు. అతను ఏ తిరునాళ్లకు వెళ్లినా బొప్పన దంపతుల కోసం వాకబు చేసేవాడు. వాళ్ల జాడ తెలిసినవారు ఒక్కరూ కనబడలేదు.

ఒకరి ముచ్చట చెడుతుందని నిజాన్ని మింగేస్తే, ఆ ముచ్చటతోపాటు వాళ్ల బతుకూ చెడుతుంది.