పది పూతల అప్పు

ఇప్పలకోన అనే అడవిలో కుందేళ్లు, ఉడుతలు, ఎలుకలు, ముంగిసలు, ఏదుపందులు, పందికొక్కులు కలిసిమెలిసి బతికేవి. ఆ అడవికి ఇప్పచెట్లే పెద్ద దిక్కు. ఎండలు ముదిరే వేళకు ఇప్పపూలు రాలేవి. జంతువులన్నీ వాటిని ఏరుకుని, ఎండబెట్టి, మోదుగాకు దొప్పలతో కొలిచి దాచుకునేవి. మళ్లీ పూలు రాలాయంటే ఏడాది గడిచినట్టు. అందుకే అక్కడ ఏడాదిని 'పూత' అనేవారు.

ఆ అడవిలో ముచ్చారయ్య అనే ఉడుత ఉండేవాడు. లెక్కల్లో అతణ్ణి మించినవాడు లేడని పేరు. ఎవరి గూట్లో ఎన్ని దొప్పల పూలున్నాయో, అవి వానాకాలం దాటిస్తాయో లేదో చూసి చెప్పేవాడు. అతని మాట తప్పేది కాదు. ఇరుగుపొరుగువారు ఏ పని తలపెట్టినా ముందు అతణ్ణి అడిగేవారు. ఆ పేరంటే ముచ్చారయ్యకు ప్రాణం.

ఎర్రగుట్ట మీద ముళ్లదొర అనే ఏదుపంది బొరియలు తవ్వి అద్దెకిచ్చేవాడు. పనిలో అతనికి వంక పెట్టలేం. ఎంత వాన కురిసినా అతని బొరియల్లోకి చుక్క నీరు దిగేది కాదు. అరవై బొరియలుంటే అరవైలోనూ కాపురాలే.

ఒక చలికాలం ఉదయం ముళ్లదొర అందరినీ పిలిచాడు.

"గుట్టకు ఉత్తరాన ఇంకో నలభై బొరియలు తవ్వబోతున్నాను. కూలీలకు పెట్టడానికి పూలు కావాలి. నా దగ్గర పది దొప్పలు పెట్టినవారికి పూతకు రెండు దొప్పలు ఇస్తాను" అన్నాడు.

అందరూ ముచ్చారయ్య వైపు చూశారు.

"తొందరపడకండి. నేను చూసి చెబుతాను" అన్నాడు ముచ్చారయ్య.

అతను మూడు రోజులు గుట్టంతా తిరిగాడు. ప్రతి బొరియలోకీ దిగి గోడలు తట్టి చూశాడు. కాపురమున్నవారిని అద్దె ఎంతో అడిగాడు. పూతకు నాలుగేసి దొప్పల చొప్పున అరవై బొరియలకు రెండు వందల నలభై దొప్పలు వస్తున్నాయి. చివరికి ముళ్లదొరనే సూటిగా అడిగాడు.

"దొరా, మీకు అప్పులున్నాయా?"

"ఉన్నాయి. దాచడం దేనికి? పందికొక్కుల పెద్ద గాదెయ్యకు వెయ్యి దొప్పలు ఇవ్వాలి. బొరియలన్నీ ఆయన దగ్గర తాకట్టు. పూతకు నూట యాభై దొప్పల వడ్డీ."

"గడువు?"

"పది పూతలు. అసలు మొత్తం చివర్లో ఒకేసారి కట్టాలి."

"వడ్డీ ఎప్పుడైనా తప్పారా?"

"తప్పితే గాదెయ్య నన్ను ఇక్కడ ఉండనిస్తాడా?" అని నవ్వాడు ముళ్లదొర.

ముచ్చారయ్య మనసులో లెక్క కట్టాడు. వచ్చేది రెండు వందల నలభై. వడ్డీకి నూట యాభై పోతే తొంభై మిగులుతాయి. పైగా కొత్త బొరియల అద్దె. అసలు కట్టడానికి పది పూతల సమయం ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

సాయంత్రం ఇంటికి వచ్చి భార్య సారమ్మకు సంతోషంగా అంతా చెప్పాడు. పక్క చెట్టు మీద ఉండే వదిన కుంకుడమ్మ కూడా వింటూ ఉంది. ఆమె ముచ్చారయ్య అన్న భార్య. భర్త పోయాక ఒంటరిగా పూలు ఏరుకుని గుట్టుగా బతుకుతోంది.

"అప్పు ఉంది గానీ వదినా, దూరం గడువు అప్పు. పది పూతలదాకా అడిగేవాడు లేడు" అన్నాడు ముచ్చారయ్య.

"ఆ పది పూతలూ ఎప్పటినుంచి, మరిదీ?"

"ఎప్పటినుంచి అంటే ఏమిటి వదినా?" అన్నాడు ముచ్చారయ్య.

"అప్పు తీసుకుని ఇప్పటికి ఎన్ని పూతలైందని అడుగుతున్నాను" అంది కుంకుడమ్మ.

"అది అడగలేదు. మళ్లీ వెళ్లి అడిగితే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నవ్వినంత మాత్రాన గింజ తరగదు కదా."

ఆ రాత్రి ముచ్చారయ్యకు సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారగానే అడిగే తీరాలనుకుని గుట్టకు బయలుదేరాడు. తీరా వెళ్లేసరికి ముళ్లదొర వాకిట్లో పదకొండు ఇళ్లవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. సారమ్మ ముందురోజు సాయంత్రమే ఇరుగుపొరుగుకు భర్త మాట చెప్పేసింది. అందరూ పూలు మోసుకుని వచ్చేశారు.

"రావయ్యా ముచ్చారయ్యా! నువ్వు మంచిదన్నాక ఇంక ఆలోచనేముంది?" అంది ఒక కుందేలు.

ఆ వరసలో నూకమ్మ అనే ముసలి ఎలుక కూడా ఉంది. ఆమెకు చూపు ఆనదు. నా అన్నవాళ్లు లేరు. ముచ్చారయ్య గొంతు వినగానే చేయి చాచి అతని తోక తడిమింది.

"నాయనా, ముప్పై దొప్పలున్నాయి. ఇక ఏరలేను కాబట్టి వీటితోనే వెళ్లదీయాలి. పెట్టమంటావా?"

అడగాలనుకున్న ప్రశ్న ముచ్చారయ్య గొంతుదాకా వచ్చింది. కానీ ఇప్పుడు అడిగితే నిన్న అడగలేదని అందరికీ తెలిసిపోతుంది. ఇంతమంది ముందు ఆ మాట ఒప్పుకోవడానికి అతనికి మనసు రాలేదు.

"పెట్టు అవ్వా. పూచీ నాది" అన్నాడు.

తన ఇంట్లో ఉన్న ఎనభై దొప్పల్లో అరవై తానూ తెచ్చి పెట్టాడు.

కుంకుడమ్మ ఒక్క పువ్వు కూడా పెట్టలేదు. రెండు రోజుల తర్వాత ఆమె గాదెయ్య ఉండే బండ దగ్గరికి వెళ్లింది. పందికొక్కులు ఎవరికి అప్పిచ్చినా, పూతకు ఒక గీత చొప్పున ఆ బండ మీద పళ్లతో గీసేవి. ముళ్లదొర పేరుమీద ఉన్న గీతలు ఆమె ఒక్కొక్కటే లెక్కపెట్టింది. వెంటనే పరుగున వచ్చింది.

"మరిదీ, తొమ్మిది గీతలున్నాయి! వచ్చే పూతకే వెయ్యి దొప్పలూ కట్టాలి. తవ్వకం ఇంకా మొదలుకాలేదు. వెళ్లి అందరివీ వెనక్కి అడుగు."

ముచ్చారయ్య వెంటనే లేచాడు. ఎవరి కంటా పడకుండా ముళ్లదొర దగ్గరికి వెళ్లాడు.

"గడువు ఒక్క పూతే ఉందని నాకు చెప్పలేదేం దొరా?"

"నువ్వు అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు ముళ్లదొర తాపీగా. "అయినా భయం దేనికి? గడువు రాగానే గాదెయ్య మరో పది పూతలకు తిరగరాస్తాడు. ఇంతకుముందు అప్పూ అలాగే తిరగరాశాడు. నీ పూలు కావాలంటే తీసుకెళ్లు. వాళ్లవీ ఇచ్చేస్తాను. కానీ వాళ్లకు ఏమని చెబుతావు?"

ముచ్చారయ్య ఉత్త చేతులతో వచ్చేశాడు.

"తిరగరాస్తారట వదినా" అన్నాడు.

"రాయకపోతే?"

అతను ఆ మాట విననట్టు తల తిప్పుకున్నాడు.

ఆ ఏడు ఇప్పమొగ్గలు విచ్చే వేళకు వడగళ్ల వాన పడింది. మొగ్గలన్నీ నల్లబడి రాలిపోయాయి. అడవి మొత్తం వెతికినా ఇంటికి ఒక్క దొప్ప పూలు దొరకలేదు. అద్దె ఇవ్వలేక సగం మంది గుట్ట దిగి పోయారు. ఉత్తరం వైపు నలభై బొరియలూ సగం తవ్వి వదిలేసిన గుంతలుగా మిగిలాయి. పెట్టిన పూలన్నీ అప్పటికే కూలీల కడుపుల్లోకి పోయాయి.

గడువు నాడు గాదెయ్య వచ్చాడు.

"తిరగరాయండి. వచ్చే పూతకు రెట్టింపు వడ్డీ ఇస్తాను" అని ముళ్లదొర బతిమాలాడు.

"మా పిల్లలే ఆకలికి ఏడుస్తున్నారు. నాకు వడ్డీ కాదు, పూలు కావాలి" అన్నాడు గాదెయ్య.

ముళ్లదొర అప్పు కోసం ఎలుగుబంట్ల దగ్గరికి పరుగెత్తాడు. నెమళ్ల కాళ్లు పట్టుకున్నాడు. ఆ కరువులో అప్పిచ్చేవాడెవడు? మర్నాటికల్లా బొరియలన్నీ, ఇంట్లో ఉన్న గింజాగిట్రా పందికొక్కుల పాలయ్యాయి.

ముచ్చారయ్య గాదెయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, మా పన్నెండు ఇళ్ల పూలు అందులో ఉన్నాయి."

"మీరు ముళ్లదొరకు ఇచ్చారు, నాకు ఇవ్వలేదు. తాకట్టు నాది. నా వెయ్యి దొప్పలూ తీరాక ఏమైనా మిగిలితే మీకు. నాకే తీరలేదు" అన్నాడు గాదెయ్య. అతని గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

ఆ వేసవి ఇప్పలకోనలో ఎవరూ నవ్వలేదు. ముచ్చారయ్య ఇంట్లో మిగిలిన ఇరవై దొప్పలూ నెల తిరక్కుండా అయిపోయాయి. పిల్లలు చెట్టు బెరడు నమిలేవారు. కుంకుడమ్మ దాచుకున్న డెబ్బై దొప్పలూ చెక్కుచెదరలేదు. ఆమె పొద్దున్నే వచ్చి పిల్లలకు తలో నాలుగు పూలు పెట్టి వెళ్లేది. మరిదిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ముచ్చారయ్యకు అనిపించేది.

ఒకరోజు అతను తన వాటా పూలు రెండు దాచి నూకమ్మ బొరియకు వెళ్లాడు. ఆమె గోడకు ఆనుకుని పడుకుని ఉంది. ఒళ్లు ఎముకల గూడైపోయింది. గుట్ట మీద జరిగింది ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ముళ్లదొర పూలు ఎప్పుడిస్తాడు నాయనా?" అని అడిగింది.

ముచ్చారయ్య పూలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇస్తాడు అవ్వా."

"నువ్వున్నావనే నాకు ధైర్యం" అంది నూకమ్మ.

మూడో రోజు వెళ్లేసరికి ఆమె లేదు. పక్క బొరియలోని ముంగిస అప్పటికే మట్టి కప్పేసింది.

"ఆమెకు నీ మీద కోపమేమీ లేదులే" అంది ముంగిస. ముచ్చారయ్య అక్కడే కూలబడి నేలకేసి తల కొట్టుకున్నాడు. ఎవరూ వచ్చి లేపలేదు.

వానలు పడ్డాయి. మరుసటి పూతకు ఇప్ప బాగా పూసింది. ఎర్రగుట్ట బొరియలు మళ్లీ నిండాయి, కాకపోతే అద్దె గాదెయ్యకు వెళ్లేది. ముళ్లదొర తాను తవ్విన బొరియల్లోనే కూలికి మట్టి మోసేవాడు. కుంకుడమ్మ గాదెయ్య దగ్గర రెండు బొరియలు చౌకగా కొనుక్కుంది. ఒకదానిలో తాను ఉండి, రెండోది అద్దెకిచ్చి, ఎవరికీ బాకీ లేకుండా బతికింది. ఇప్పుడు అడవిలో అందరూ ఏ సలహా కావాలన్నా ఆమె దగ్గరికే వెళ్లేవారు.

ముచ్చారయ్యను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. దారిలో ఎదురైతే తప్పుకుని పోయేవారు.

ఒకనాడు అతను సారమ్మతో అన్నాడు. "పదకొండు ఇళ్లకూ నేను పూచీ పడ్డాను. రెండు వందల ఇరవై దొప్పలు. పిల్లలకు పోను పూతకు పదకొండు దొప్పలు మిగల్చగలం. ఇంటికొకటి ఇద్దాం."

"అలాగైతే ఇరవై పూతలు పడుతుంది. ఉడుత అన్నేళ్లు బతుకుతుందా?" అంది సారమ్మ.

"బతకదు" అన్నాడు ముచ్చారయ్య.

అయినా పదకొండు దొప్పలు కట్టుకుని బయలుదేరాడు. కుందేలు తలుపు తీసింది. దొప్ప అందుకుని, పూలు లోపల పోసుకుని, ఖాళీ దొప్ప వాకిట్లో పెట్టి తలుపు వేసుకుంది. తర్వాతి ఇంట్లోనూ అంతే. ఒకరు తీసుకోకుండానే మొహం తిప్పుకున్నారు. వాళ్ల గడప మీద పెట్టి వచ్చాడు. పది ఇళ్లు తిరిగాడు. ఒక్కరూ లోపలికి రమ్మనలేదు.

పదకొండో దొప్ప నూకమ్మది. ఆమె బొరియలో ఎవరో కొత్తవాళ్లు కాపురముంటున్నారు. నూకమ్మ ఎవరో వాళ్లకు తెలియదు. ఆ దొప్ప ఎవరికివ్వాలో ముచ్చారయ్యకు తోచలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ వాకిట్లోనే చాలాసేపు కూర్చున్నాడు.

నీతి: అప్పు గడువు ఎంతని అడిగితే చాలదు, అందులో ఎంత మిగిలిందో కూడా అడగాలి, అడగడానికి సిగ్గుపడినవాడు తనతోపాటు తనను నమ్మినవాళ్లనూ ముంచుతాడు.